మా ఇంటి దొరసాని బాతులు

మా మేనమామ పామర్రు దగ్గర పల్లె నుంచి సంచీ నిండా కొత్తబియ్యంతో బస్సెక్కి విజయవాడ వచ్చాడు. మా గేటు ముందు నిలబడి, పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయాక, అదే సంచీతో తిరుగు బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ సమయంలో నాన్న ఇంట్లోనే ఉన్నాడు. పెరట్లో జామచెట్టు కింద పడక్కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

నాన్న రైల్వేలో ఆవిరి ఇంజన్ల బాయిలర్ల పని చేసి రిటైరైనవాడు. ఇనపడొల్లలో కూర్చుని సుత్తి దెబ్బలు కొట్టే పని అది. ఆ పని చేసినవాళ్ళందరికీ కాస్త ముందూ వెనకగా చెవులు పోయేవి. నాన్నకు సన్నటి శబ్దాలు ముందు పోయాయి: పిచ్చుకలు, సైకిలు బెల్లు, చిన్నపిల్లల మాటలు. ఆ తరువాత పెద్దవాళ్ళ మాటల్లో సగం పోయాయి. మిగతా సగం పెదాలు చూసి పట్టుకునేవాడు. గుడిలో ప్రసంగం వినపడదు కాబట్టి క్రిస్మస్‌కూ గుడ్‌ఫ్రైడేకూ తప్ప గుడికి రావడం మానేశాడు. అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లమా పూర్తి చేసి, ఆటోనగర్‌లో మోటార్ల వైండింగు షాపులో సూపర్‌వైజరుగా కొత్తగా చేరాను. పగలంతా ఇంట్లో నాన్న ఒక్కడే.

సంగతి తెలిశాక నేను దాన్ని ఒక సాంకేతిక సమస్యగా తీసుకున్నాను. మొదట గేటుకు కాలింగ్ బెల్లు పెట్టాను. దాని మోత పక్కింటివాళ్ళు విని బయటికొచ్చేవారు కానీ నాన్న రాలేదు. తరువాత బెల్లు నొక్కితే వెలిగేలా జామచెట్టుకు ఎర్రబల్బు బిగించాను. ఎండలో బల్బు వెలుగు కనపడదు, పైగా కరెంటు ఉన్నప్పుడు మనిషి రాడు, మనిషి వచ్చినప్పుడు కరెంటు ఉండదు. మూడో ప్రయత్నంగా గేటు నుంచి పడక్కుర్చీ దాకా తాడు కట్టాను. ఆ తాడు మీద అమ్మ చీర ఆరేసింది. కుక్కను పెంచుదామంటే, చిన్నప్పుడు కరిపించుకుని బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు పొడిపించుకున్న అమ్మ ఒప్పుకోలేదు.

అలక తీర్చడానికి అమ్మా నేనూ ఆ ఊరు వెళ్ళినప్పుడు మామయ్య మంచం మీద నుంచి లేవలేదు.

"మీ ఆయన నన్ను గుమ్మంలో నిలబెట్టి పంపించాడక్కా," అన్నాడు గోడవైపు చూస్తూ.

"ఆయనకి వినపడదని నీకు తెలీదంట్రా?"

"తెలుసు. కానీ బియ్యం మోసుకొచ్చినోడికి ఆ టైములో గుర్తుండొద్దూ?"

నేను బెల్లు గురించీ బల్బు గురించీ వివరంగా చెప్పాను. మామయ్య అప్పుడు లేచి కూర్చున్నాడు.

"నీ డిప్లమాకి దణ్ణంరా అల్లుడూ! నాలుగు దొరసాని బాతుల్ని తీసుకెళ్ళు. గేటు కాడికి పిట్టొచ్చినా వాడంతా లేపుతయ్. అప్పటికీ మీ నాన్నకి వినపడకపోతే ఇంక ఆ దేవదూత బూరే ఊదాల."

దొరసాని బాతులంటే పెద్దబాతులు. మామూలు బాతులకు రెండింతలుంటాయి, మెడ పొడుగు, నడకలో జమీందారీ ఠీవి. ఎప్పుడో మిషన్ బంగళాలో ఉన్న తెల్ల దొరసాని పాముల భయానికి వాటిని తెప్పించి పెంచిందట. ఆమె వెళ్ళిపోయింది, బాతులు ఊళ్ళో మిగిలాయి. ఆ పేరు కూడా మిగిలింది. చలికాలం కాబట్టి అప్పుడు అవి గుడ్లు పెడుతున్నాయి.

ఎక్కడి గుడ్లు తీసుకోవాలన్నది నేనే తేల్చుకోవాలనుకున్నాను. ఊళ్ళో మూడు నాలుగు ఇళ్ళల్లో మందలున్నాయి. ఒక్కొక్క మంద దగ్గరికీ ఒకే తీరుగా, చేయి చాపి, నెమ్మదిగా నడిచాను. మొదటి ఇంటి మగబాతు మెడ నేలబారుగా చాచి, పాములా బుసకొడుతూ నా మీదికొచ్చింది. రెండో ఇంట్లోవి నన్ను చూసి చెరువులో దిగిపోయాయి. మూడో ఇంట్లో ఒక జంట మాత్రం మెడలు నిటారుగా పెట్టి, గట్టిగా అరిచి, ఆ తరువాత దగ్గరికొచ్చి, నా చేతిలో ఏముందో చూసి, ఏమీ లేదని తెలుసుకుని, చొక్కా గుండీ లాగి చూశాయి. నాకు కావలసింది అదే. అరవాలి, కానీ కరవకూడదు. ఆ ఇంటావిడ ఇచ్చిన గుడ్లలో పగుళ్ళు లేనివి, మరీ పొడుగు కానివి నాలుగు ఏరుకుని, ఊకలో పెట్టి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

"ఏ ఏనుగు పెట్టిందండీ వీటిని?" అన్నాడు కండక్టరు. బస్సు దిగేవరకూ గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరుకు, "గుడ్లున్నాయన్నా, మెల్లిగా!" అని చెబుతూనే ఉన్నాడు.

పొదగడానికి పక్కింటి నల్లకోడిని అడిగి తెచ్చాం. కోడి తన గుడ్లను తనే దొర్లిస్తుంది కానీ ఇంత పెద్దవాటిని కదల్చలేదు. అందుకని గుడ్డుకు ఒకవైపు ఇంటూ గుర్తు, రెండోవైపు సున్నా పెన్సిలుతో గీసి, పొద్దునా సాయంత్రం నేనే తిప్పేవాణ్ణి. పెద్దబాతు నీళ్ళలోంచి తడిసొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది కాబట్టి, రోజూ కాసిని గోరువెచ్చటి నీళ్ళు చిలకరించేవాణ్ణి. కోడి నన్ను అసహ్యించుకుంది.

గుడ్లు కోడి కింద పెట్టిన సాయంత్రం అమ్మ గంప మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది. అది మా ఇంట్లో మామూలే. పాలు పొంగించినా, కొత్త చెప్పులు తొడిగినా ప్రార్థన ఉంటుంది. చివర్లో, "మొట్టమొదట పిల్లైనది నీది ప్రభువా," అంది. అదీ మామూలే. మా సంఘంలో ఏ పాదుకు కాసిన మొదటి కాయైనా, ఏ కోడి మొదటి పిల్లైనా దేవుడిది. కుప్ప నూర్పిళ్ళయ్యాక వచ్చే కోతల పండగనాడు వాటిని గుడికి తీసుకెళ్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలోనే వేలం పాట పెడతారు. పాడుకున్నవాళ్ళు పట్టుకెళ్ళి వండుకుంటారు. నా మొదటి జీతం కూడా ఆ దారినే వెళ్ళింది. మొదటి బొప్పాయి ఏ రుచిలో ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి అమ్మ మాటకు నేను ఆమెన్ అన్నాను, నాన్నకు వినపడలేదు, కోడి రెక్కలు సర్దుకుంది.

పెద్దబాతు పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చి మొదట ఎవర్ని చూస్తే వాళ్ళను తల్లి అనుకుంటుందని నేను ఎక్కడో చదివాను. అందుకని పిల్లలు పెంకు గిల్లడం మొదలుపెట్టగానే నాన్న పడక్కుర్చీని గంప పక్కకు జరిపించాను. మొదటి పిల్ల మధ్యాహ్నం వచ్చింది. మేం ఇల్లు చేరేసరికి అది నాన్న లుంగీ మడతలో ముడుచుకుని నిద్రపోతోంది. మర్నాటికి ఇంకో రెండొచ్చాయి. నాలుగో గుడ్డు మురిగింది. నాన్న వాటికి పుట్టిన వరసలోనే పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుపులు పెట్టాడు. మూడూ ఒకే పసుపురంగు ముద్దలు కాబట్టి, కలిసిపోకుండా నేను షాపులో మిగిలిన రాగి వైండింగు తీగ మెలితిప్పి పెద్దోడి కాలికి కడియంలా వదులుగా వేశాను. కాలు లావయ్యేకొద్దీ కడియం మారుస్తూ వచ్చాను.

పెంపకం కష్టమేమీ కాదు. నానబెట్టిన నూకలు, కాస్త తవుడు, సన్నగా తరిగిన తోటకూర. తాగే గిన్నె ముక్కు మునిగేంత లోతుండాలి, పిల్ల మునిగేంత లోతుండకూడదు. కోడి పెంచిన పిల్లలకు తల్లిబాతు ఒంటినూనె అంటదు గనక ఈకలొచ్చేవరకూ ఈతకు వదలకూడదు. గద్దలకూ ముంగిసలకూ పైన వల కప్పాలి. రోజూ చేత్తో ఎత్తి, చేతిలోంచే మేత పెట్టాలి. ఇదంతా నేను పెట్టుకున్న పద్ధతి. నాన్న పద్ధతి వేరు. ఆయన వాటితో రోజంతా మాట్లాడేవాడు. లోకోషెడ్డు కబుర్లు, ఏ డ్రైవరు ఏ ఫోర్‌మన్‌ని ఏమన్నాడో, అన్నీ. మాతో మాట్లాడాలంటే జవాబు వినపడదన్న బెంగ. బాతులతో ఆ బాధ లేదు.

వేసవిలో ఏలూరు కాలువకు నీళ్ళు కట్టేశారు. మా వీధి చివరి కాలువలో బురద తేలింది. ఈత నేర్పాల్సిన సమయానికి నీళ్ళు లేకపోతే నేను ఇటుకలతో తొట్టి కట్టాను. కాలువ వదిలేసరికి అవి పెరిగి, తెల్లబడి, పెరట్లో గరికంతా నున్నగా కొరికేశాయి. మామిడి టెంక నుంచి నేను లెక్కలు చేసుకునే స్లైడ్‌రూల్ దాకా అన్నిటినీ ముక్కుతో పరీక్షించేవి. వాకిలి కడగడం మాత్రం రోజుకు రెండుసార్లయింది.

గేటు దగ్గర అడుగు వినపడితే మూడూ మెడలెత్తి కేకలు పెట్టేవి. ఆ కేక బొంగురుగా, లావుగా ఉండేది. నాన్నకు అది కొంత వినపడేది, కానీ ఊరికే అరుస్తున్నాయో ఎవరైనా వచ్చారో తెలిసేది కాదు. తెలియజెప్పింది పెద్దోడే. మిగతా రెండూ గేటువైపు పరిగెత్తితే, అరవడమే తప్ప గుండెధైర్యం లేని పెద్దోడు వెనక్కి పరిగెత్తి, నాన్న లుంగీ అంచు ముక్కుతో పట్టుకుని లాగేవాడు. ఎవరూ నేర్పలేదు. భయమేసిన పిల్ల తల్లి కొంగు పట్టుకున్నట్టు అంతే. నాన్న లేచి వెళ్ళి చూస్తే పోస్టుమాన్. ఇంకోసారి పాలావిడ. ఏడాది తిరక్కుండానే నాన్న మళ్ళీ వీధిలో మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. గేటు మీద మోచేతులాన్చి, ఎదుటి మనిషి పెదాలు చూస్తూ, అవతలివాళ్ళు వెళ్తామన్నా వదలకుండా.

కోతల పండగ ఆదివారం దగ్గరపడింది. అమ్మ గుమ్మడికాయ తుడుస్తూ, మామూలుగా చెప్పినట్టే చెప్పింది.

"పెద్దోణ్ణి శనివారమే కడిగి పెట్టాల."

నాన్న అమ్మ పెదాలు చూశాడు. "ఎందుకూ?"

"కానుకకి. మొదటిది దేవుడిదని అన్నాగా."

"దేవుడికి బాతుల్లేవా టీచరమ్మా? అన్నిట్నీ ఆయనే చేశాడుగా."

"ఉన్నయ్ కాబట్టే ఆయన అడగట్లా. మనమే అన్నాం."

"నువ్వన్నావ్."

"నేనంటే మనం కాదా?"

నాన్న నావైపు చూశాడు. నేను రంగంలోకి దిగాను. "అమ్మా, చిన్నోణ్ణి ఇద్దాం. తూకం కూడా వాడే ఎక్కువ."

"మొదటిదన్నా గానీ బరువైందన్లా. ఏది మొదటిదో తెలీదందామంటే కాలికి కడియం వేసింది నువ్వేనాయె."

"పోనీ పాటలో మనమే పాడుకుందాం."

"ఇచ్చిన చేత్తోనే తీసుకుంటే అది కానుకా, తాకట్టా?" అంది అమ్మ. ఆమె కోపంగా లేదు. గుమ్మడికాయ మీద ఆమె చేయి కదలడం మాత్రం ఆగిపోయింది. "నోటితో అన్నానురా. చేతులు జోడించి మరీ అన్నా. బళ్ళో పిల్లలకి రోజూ ఏం చెబుతున్నా నేను?"

శనివారం నాన్నే తొట్టి దగ్గర పెద్దోడికి స్నానం చేయించాడు. ఆదివారం పొద్దున గుడికి తనే సైకిలు మీద, బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. అది క్రిస్మసూ కాదు, గుడ్‌ఫ్రైడే కూడా కాదు.

గుడి మెట్ల దగ్గర కొత్తబియ్యం బస్తాలు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు వరసగా ఉన్నాయి. పాట పాడించే సంఘపెద్ద గొంతున్న మనిషి. గెలలు, కోళ్ళు అయ్యాక ఒక యువకుడు పెద్దోణ్ణి ఎత్తి పట్టుకున్నాడు.

"టీచరుగారి కానుక! దొరసాని బాతు! ఇట్టాంటిది బెజవాడలో ఇంకోటి లేదు!"

మొదట పాడింది భోజన హోటలాయన. "అల్లం వెల్లుల్లి తగిలించి, సన్నసెగ మీద పెడితేనా..." అని పక్కవాళ్ళకు చేత్తో కుండ ఆకారం చూపించాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులకు పెద్దోడు బెదిరి, రెక్కలు విదిలించి, యువకుడి చేతుల్లోంచి జారిపోయాడు. ఆడవాళ్ళ చాపల మీదుగా, ఒక గుమ్మడికాయ దాటుకుని, గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడిన నాన్న దగ్గరికి పరిగెత్తి పంచె అంచు ముక్కుతో పట్టుకున్నాడు. లాగాడు. నాన్న అలవాటు చొప్పున ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి రోడ్డువైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ ఒళ్ళోని బైబిలు అట్ట సవరించుకుంటోంది. నాన్న వంగి, పెద్దోణ్ణి రెండు చేతులతో ఎత్తుకుని, జనం మధ్యలోంచి నడిచి, తనే మెట్ల మీద పెట్టాడు.

"నేను పాడుతున్నా," అన్న గొంతు వినపడింది. పాస్టరుగారి భార్య. మేమంతా ఆయన్ని అయ్యగారు, ఆవిణ్ణి అమ్మగారు అనేవాళ్ళం. "మా ఇల్లున్న ఈ గుడి కాంపౌండులో పాములెక్కువయినయ్. నాకు కావాలి."

హోటలాయన ఇంకాస్త పెంచి పాడాడు. అమ్మగారు పైన పాడింది. ఆయన మళ్ళీ నోరు తెరవబోయాడు.

"బాబూ, వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. కోడికూర చేస్తా. ఇప్పటికి మాత్రం నోరు మూసుకోండి."

"అమ్మగారు భోజనానికి పిలిచాక ఇంకేం పాడతానండీ!" అన్నాడు ఆయన. మూడోసారి కూడా అనేసి సంఘపెద్ద పాట కొట్టేశాడు.

పెద్దోడు బతికినందుకు నేను సంతోషించాను. ఇంట్లో మాత్రం కుదుటపడలేదు. నడిపోడు, చిన్నోడు గేటుకు మెడలాన్చి సాయంత్రం దాకా పిలిచాయి. నాన్న పడక్కుర్చీ గేటు కనపడేలా తిప్పుకుని కూర్చున్నాడు, కబుర్లు లేవు. రెండు రోజులయ్యాక అమ్మగారు కబురంపింది. "మీ బాతు మేత ముట్టట్లేదు. గోడవైపు తిరిగి నిలబడుతోంది. ఏం పెట్టాలో చెప్పండి." పెట్టాల్సింది మేత కాదని నాకు తెలుసు. పెద్దబాతు ఒంటరిగా బతికే జీవి కాదు. ఆ సాయంత్రం నేను అమ్మ ముందు పెట్టాల్సిన వాదనను వరసలో పేర్చుకుంటున్నాను. ఒకటి, ఇచ్చినది వెనక్కి రాకూడదు, ఒప్పుకుంటాం. రెండు, ఇవ్వనిది అక్కడికి వెళ్ళకూడదని ఎక్కడా లేదు. మూడు...

మూడోది కుదిరేలోపే గేటు చప్పుడైంది. నాన్న లుంగీ మార్చి పంచె కట్టుకుని, చేతిలో చిన్న కర్రతో, రెండు బాతుల్నీ ముందు పెట్టుకుని వీధిలోకి వెళ్తున్నాడు. అమ్మ వరండాలో నిలబడి చూసింది. నేను ఏదో అనబోయాను. ఆమె లోపలికెళ్ళి, తువ్వాలూ రెండు బీరకాయలూ తెచ్చి, వీధి మలుపు దాకా గబగబా నడిచి నాన్న భుజం తట్టింది. "అయ్యగారింటికి ఖాళీ చేతుల్తో పోతారా?" అని ఆమె అన్నట్టు పెదాలను బట్టి నాక్కూడా తెలిసింది.

కాలువ కట్ట మీద తెల్లటి బాతుల వెనక నాన్న నడక అప్పటి నుంచి మా వీధికి గడియారమైంది. గుడి గేటు ఇంకా దూరం ఉండగానే లోపలి నుంచి పెద్దోడు కేక వేసేవాడు. ఇవి జవాబిచ్చేవి. మూడూ కలుసుకుని మెడలు ఊపుకుంటూ చేసే గొడవకు సాయంత్రం ప్రార్థనకు వచ్చినవాళ్ళు కాసేపు ఆగాల్సి వచ్చేది. ఎలాగూ వచ్చాను కదా అని నాన్న ప్రార్థనకు కూర్చునేవాడు. అయ్యగారి పెదాలు కనపడేలా ముందు వరసలో. అమ్మ సాయంత్రాలు నాన్నకు పంచె ఇస్త్రీ చేసి పెట్టడం మొదలుపెట్టింది.

కొన్ని వారాలకు పెద్దోడు అమ్మగారి అరటిచెట్ల మధ్య గుడ్డు పెట్టాడు. గొంతు బట్టి, మెడ లావు బట్టి అది మగదని నేను అందరికీ రూఢిగా చెప్పి ఉన్నాను. పిలుపు మాత్రం మార్చలేదు, పెద్దోడు పెద్దోడే. అమ్మ ఆలోచనలో పడింది. "మొదటి గుడ్డు మళ్ళీ దేవుడిదేగా?"

"ఆయన కాంపౌండులోనే పెట్టింది కదండీ టీచరుగారూ," అంది అమ్మగారు. "ఇంక మీరు మోసుకురావక్కర్లా."

ఆ ఎండాకాలం మామయ్య మళ్ళీ వచ్చాడు, బియ్యం సంచీతోనే. ఇంటికి తాళం. పక్కింటావిడ గుడికెళ్ళమని చెప్పింది. నేను అక్కడే ఉన్నాను, పెద్దోడి కడియం వదులు చేద్దామని. గుడి గేటు దగ్గర మామయ్య నిలబడి ఉన్నాడు. నాన్న అటు వీపు పెట్టి సిమెంటు బల్ల మీద కూర్చుని బాతులకు లోకోషెడ్డు కబుర్లు చెబుతున్నాడు. మామయ్య పిలవలేదు. సంచీ భుజం మీదే ఉంచుకుని, ఏమవుతుందో చూద్దామన్నట్టు ఊరికే నిలబడ్డాడు.

పెద్దోడు మెడ ఎత్తి, ఒక్క కేక పెట్టి, నాన్న పంచె పట్టుకుని లాగాడు. నాన్న వెనక్కి తిరిగాడు.

"ఇంటి బెల్లు ఊడదీసుకొచ్చి గుళ్ళో పెట్టావేంది బావా!" అన్నాడు మామయ్య.

ఆ మాటలో ఎంత అందిందో తెలియదు కానీ నాన్న అప్పటికే లేచి, బల్ల మీది గరిక దులిపి, చోటు చేస్తున్నాడు.

"రావయ్యా బావమరిదీ. సంచీ కింద పెట్టకు, వీళ్ళు చింపుతారు. ఇలా నా ఒళ్ళో పెట్టు."